నాగావళి నీళ్లలో ఈస్ట్రడయోల్: నా పాలిమర్‌లో తప్పెక్కడ?

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నాగావళి నీళ్లలో ఈస్ట్రడయోల్ హార్మోన్ కోసం వెతుకుతున్నాను. అణువు చుట్టూ పాలిమర్ కట్టి, తర్వాత అణువును కడిగేస్తే దాని ఆకారంలో ఖాళీ మిగులుతుంది కదా, ఆ పద్ధతి. ఆ ఖాళీలే నీళ్లలోని హార్మోన్‌ను పట్టుకోవాలి. ఈస్ట్రడయోల్‌తో మెథాక్రిలిక్ ఆసిడ్ (పాలిమర్‌గా మారే మోనోమర్), ఈజీడీఎంఏ (పాలిమర్ గొలుసులను ముడివేసేది), ఏఐబీఎన్ (చర్యను మొదలుపెట్టేది) కలిపి ఎసిటోనైట్రైల్ అనే ద్రావకంలో 60 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాను. సుద్దలాంటి తెల్లటి ముద్ద వచ్చింది. నూరి, జల్లించి, మెథనాల్, ఎసిటిక్ ఆసిడ్ 9:1 మిశ్రమంతో సాక్స్‌లెట్‌లో (ద్రావకంతో మళ్లీ మళ్లీ కడిగే పరికరం) 24 గంటలు కడిగాను.

అయినా పాలిమర్ గుండా ఉత్త డిస్టిల్డ్ వాటర్ పంపినా హెచ్‌పీఎల్‌సీలో (పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) ఈస్ట్రడయోల్ పీక్ వస్తోంది. లోపల చిక్కుకున్నదే కారుతోందని నా అనుమానం. నదుల్లో ఇది ఉంటే లీటరుకి నానోగ్రాముల్లోనే ఉంటుంది, ఈ కారడం ముందు అది కనిపిస్తుందా? పైగా హార్మోన్ లేకుండా చేసిన పాలిమర్ కూడా నీళ్లలో దాదాపు అంతే పట్టుకుంటోంది. ఎసిటోనైట్రైల్‌లో మాత్రం తేడా స్పష్టంగా ఉంది.

ఆకారంలో దగ్గరగా ఉండే వేరే అణువుతో అచ్చు తీస్తే పీక్ గొడవ పోతుందా? శాంపిల్ ఎక్కించాక కొంచెం ఎసిటోనైట్రైల్ కలిపిన నీళ్లతో కడిగినవాళ్లుంటే ఎంత శాతం వాడారో చెప్పండి. సీసాలో ఈస్ట్రడయోల్ చిటికెడే మిగిలింది, వచ్చే నెలే వైవా. చాలా టెన్షన్‌గా ఉందండీ.