బీచ్‌లో పచ్చి ఆయిస్టర్లు (ఆల్చిప్పలు) తినొచ్చా? నాకు మొదటిసారి, భయంగా ఉంది

మూడు రోజులు బీచ్ ట్రిప్‌కి వచ్చాం. రూమ్ ఎదురుగానే ఇసుకలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలేసి ఒకాయన ఐస్ మీద ఆయిస్టర్లు పరిచి, అడిగినవాళ్లకి అప్పటికప్పుడు కత్తితో తెరిచి నిమ్మచెక్కతో ఇస్తున్నాడు. మా ఆయన నిన్న అరడజను లాగించేశారు, నేనేమో ఒకటి చేతిలో పట్టుకుని ఐదు నిమిషాలు దానికేసి చూస్తూ కూర్చున్నా, లోపల బూడిదరంగులో తళతళా వణుకుతోంది, నోట్లో పెట్టుకోబుద్ధి కాక తిరిగి పెట్టేశా. ఇవాళ మళ్లీ వెళ్దామంటున్నారు. తాజావో కాదో ఎలా తెలుస్తుంది, నమలాలా మింగేయాలా? నిమ్మరసం పిండితే క్రిములన్నీ చస్తాయంటారు ఆయన, నిజమేనా? ఆయనకి షుగర్ కూడా ఉంది, అది పర్లేదు కదా.

ఉప్పుగాలి:
అయ్యో తినాల్సిందండీ! తెరవకముందు చిప్ప గట్టిగా మూసుకుని ఉండాలి, కాస్త నోరు తెరిచినట్టుంటే వేలితో తట్టండి, మూసుకుంటే బతికున్నట్టు, మూసుకోకపోతే చచ్చిందని పక్కన పడేయమనండి. తెరిచాక లోపల నీళ్లు ఉండాలి, అది పారబోయొద్దు, అసలు రుచంతా అందులోనే. ఎండిపోయి చిప్పకి అతుక్కున్నట్టుంటే వద్దు. మింగేయడం దండగ, రెండుమూడుసార్లు నమిలితే ముందు ఉప్పగా తగిలి తర్వాత తియ్యగా వస్తుంది. సముద్రం వాసన వస్తే చాలు, భయం లేకుండా తినేయండి.

రాత్రిడ్యూటీ:
పైనాయన చెప్పిన చివరి మాట మాత్రం నమ్మకండి. ఆయిస్టర్ రోజంతా నీళ్లు వడకట్టుకుంటూ బతుకుతుంది, ఆ నీళ్లలో ఉన్న విబ్రియో బ్యాక్టీరియా, నోరోవైరస్ లాంటి జబ్బు చేసే క్రిములు దాని ఒంట్లో చేరిపోతాయి, అలాంటి ఆయిస్టర్ కూడా బతికే ఉంటుంది, వాసనా బాగానే ఉంటుంది, చూసి కనిపెట్టలేం. నీళ్లు వెచ్చగా ఉండే నెలల్లో విబ్రియో ఇంకా ఎక్కువ. నిమ్మరసం, కారం సాస్, మద్యం, వీటివల్ల చావదు.

అసలు విషయం మీరు చివర్లో తేలిగ్గా అనేశారు చూడండి, షుగర్ అని. షుగర్, లివర్ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు పచ్చివి అసలు తినకూడదు, విబ్రియో వల్నిఫికస్ అనే రకం రక్తంలోకి పోతే ప్రాణం మీదకొస్తుంది. నిన్న తిన్నారు కాబట్టి ఈ వారం గమనిస్తూ ఉండండి, జ్వరం, చలి, ఒంటిమీద బొబ్బలు ఏది కనిపించినా వెంటనే హాస్పిటల్‌కి వెళ్లి పచ్చి ఆయిస్టర్లు తిన్నారని ముందే చెప్పండి.

ఉప్పుగాలి:
షుగర్ మాట నేను చూసుకోలేదు, సారీ అండీ. ఆయనకి వద్దు.

బొగ్గులపొయ్యి:
ఉడికించి ఇమ్మనండి, గొడవ వదిలిపోద్ది. నీళ్లలో ఉడకబెడితే చిప్ప నోరు తెరిచాక ఇంకో 3 నుంచి 5 నిమిషాలు ఉంచాలి, తెరుచుకోనివి పారేయాలి. తెరుచుకోగానే తీసేస్తే లోపల పచ్చే. నాకైతే వెల్లుల్లి, వెన్న వేసి నిప్పుల మీద బాగా కాల్చినవే ఇష్టం, అంచులు ముడుచుకుని వెన్న చిటపటలాడుతుంటే పచ్చివెవడికి కావాలి!

అడిగినావిడ:
అందరికీ థాంక్స్. ఆయన బానే ఉన్నారు, మీ జవాబులు చదివి వినిపిస్తే సగం భోజనం దాకా అలిగి కూర్చుని ఆఖరికి వెన్నవి ఎనిమిది తిన్నారు. నేను ఒక్కటి పచ్చిది, తట్టి మరీ చూసి, నమిలా. తీపి నాకేం తెలీలేదు, సముద్రంలో మునిగి నీళ్లు తాగినట్టే ఉంది.