ఇలోకానో నేర్చుకోవడానికి ఇంగ్లీషు దారి మేలా, తెలుగు దారి మేలా?

ప్రశ్న (హన్మకొండ నుంచి):

అందరికీ నమస్కారం. మా చెల్లెలు ఫిలిప్పీన్స్‌లో, లూజాన్ ద్వీపపు ఉత్తర కొసన ఉన్న ఇలోకోస్ ప్రాంతంలో వైద్యవిద్య చదువుతున్నది. పాఠాలన్నీ ఇంగ్లీషులోనే కనుక ఇన్నాళ్లూ ఇబ్బంది కలగలేదు. ఇప్పుడు ఆసుపత్రి వార్డులకు వెళ్లడం మొదలయ్యాక, పల్లెల నుంచి వచ్చే వయసు మళ్లిన రోగులు తమ బాధను అక్కడి భాష ఇలోకానోలో తప్ప చెప్పుకోలేకపోతున్నారని, వాళ్ల ఎదుట తాను మూగదానిలా నిలబడవలసి వస్తున్నదని ఫోన్‌లో బాధపడింది.

ఆమె దగ్గరున్న చిన్న పుస్తకం ప్రతి ఇలోకానో మాటకూ ఎదురుగా ఒక ఇంగ్లీషు మాట పెట్టి నేర్పుతుంది. దాని ప్రకారం ‘కమి’, ‘తయో’ రెండూ ‘వియ్’. ‘పగయ్’, ‘బగాస్’, ‘ఇన్నపుయ్’ మూడూ ‘రైస్’. ‘అవాన్’, ‘సఆన్’ రెండూ ‘నో’. ఎప్పుడు ఏది వాడాలో పుస్తకం చెప్పదు. ఈ రెండు భాషలకూ మధ్య దూరం ఎంత? ఇంగ్లీషు మీదుగా నేర్చుకోవడం సరైన పద్ధతేనా? తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం 1 (వరంగల్, భాషాశాస్త్రం చదివినవారు):

ఈ రెండింటికీ పుట్టుకలో ఏ చుట్టరికమూ లేదు. ఇంగ్లీషు ఇండో-యూరోపియన్ కుటుంబానిది. ఇలోకానో ఆస్ట్రోనేషియన్ కుటుంబానిది, అంటే మలయ్, హవాయీ, మడగాస్కర్‌లోని మలగాసీ దానికి బంధువులు. మన తెలుగు ద్రావిడ కుటుంబానిది కనుక దానికీ చుట్టరికం లేదు. అయినా చుట్టరికం వేరు, పోలిక వేరు. మీ చెల్లెలు తడబడిన చోట్లన్నీ ఇంగ్లీషు గుడ్డిదైన చోట్లే, తెలుగుకు చూపున్న చోట్లే.

‘కమి’ అంటే మేము, ‘తయో’ అంటే మనం. అంతకు మించి వివరణ అక్కర లేదు. వినేవారిని కలుపుకుంటున్నామా, పక్కన పెడుతున్నామా అన్నది తెలుగువారికి పుట్టుకతో వచ్చిన తేడా. కాకపోతే ఇలోకానో ఇంకొక అడుగు ముందుకు వేసి, ‘నువ్వూ నేనూ ఇద్దరమే’ అనడానికి ‘త’ అనే వేరే ప్రత్యయాన్ని ఉంచుకుంది. అది మనకూ లేదు, ఇంగ్లీషుకూ లేదు.

‘అవాన్’ దాదాపుగా మన ‘లేదు’. ‘అవాన్ తి డోక్తోర్’ అంటే డాక్టర్ లేడు. ‘సఆన్ అ డోక్తోర్’ అంటే డాక్టర్ కాదు. అయితే ఇక్కడ తెలుగును చివరిదాకా నమ్మకూడదు. ‘తినలేదు’ అనేటప్పుడు మనం ‘లేదు’ను క్రియకు తగిలిస్తాం, వాళ్లు అక్కడ ‘సఆన్’నే వాడతారు.

ఇంకొక పోలిక నాకు చాలా ఇష్టమైనది. ‘నేను రైతును’, ‘నువ్వు రైతువు’ అన్నప్పుడు మనం ఇంగ్లీషులోలా మధ్యలో ఒక క్రియను పెట్టము. నేను, నువ్వు అన్న గుర్తును నామం చివరనే అతికిస్తాం. ఇలోకానోలోనూ అంతే: ‘మన్నలోన్’ రైతు, ‘మన్నలోనక్’ రైతును, ‘మన్నలోన్క’ రైతువు.

అసలు కష్టం క్రియ దగ్గర ఉంది, అక్కడ తెలుగూ ఇంగ్లీషూ రెండూ చాలవు. ఇంగ్లీషులో క్రియ వాక్యం నడుమ, మనకు చివర, వాళ్లకు మొదట వస్తుంది. ‘గిమ్మతఙ్ తి ఉబిఙ్ ఇతి బగాస్’ అంటే ‘పిల్లవాడు బియ్యం కొన్నాడు’. ‘గినతఙ్ తి ఉబిఙ్ తి బగాస్’ అంటే, ఇప్పటికే మాటల్లోకి వచ్చిన ఆ బియ్యాన్ని కొన్నాడు. ధాతువు ‘గతఙ్’ ఒక్కటే. దాని మొదటి హల్లు వెనుక ‘ఇమ్మ్’ చొరబడితే వాక్యం కొన్నవాడి వైపు తిరుగుతుంది, ‘ఇన్’ చొరబడితే కొన్న వస్తువు వైపు తిరుగుతుంది. ఏదో కొంత బియ్యమా, ఆ బియ్యమేనా అన్న తేడాను ఇంగ్లీషు నామం ముందు ‘ది’ పెట్టి చెబుతుంది, తెలుగు ‘బియ్యాన్ని’ అని విభక్తితో చెబుతుంది, ఇలోకానో మాత్రం క్రియ కడుపులోనే దాచుకుంటుంది. ఇంగ్లీషు పద్ధతిలో రాసిన పుస్తకాలు కొన్ని ఈ రెండో రూపాన్ని కర్మణి ప్రయోగమని నేర్పుతాయి. దానిని నేను ఒప్పుకోను. ఇంగ్లీషులో కర్మణి అప్పుడప్పుడు వాడేది. ఇలోకానోలో ఈ రూపం నిత్యం నోట్లో మెదిలేది.

సమాధానం 2 (జగిత్యాల నుంచి, గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవారు):

తమ్ముడూ, నేను వ్యాకరణం చదివినవాణ్ణి కాను. గల్ఫ్‌లో కొన్నేళ్లు ఇలోకోస్ నోర్తే నుంచి వచ్చిన వంటమనిషితో ఒకే గదిలో ఉన్నాను, ఆ అనుభవంతో చెబుతున్నాను. సాయంత్రం పని దిగాక తోటి ఇలోకానోవాళ్లు ‘మపన్‌కమిన్’ అంటే వాళ్లు మాత్రమే వెళ్తున్నారని, ‘మపన్‌తయోన్’ అంటే నన్నూ రమ్మంటున్నారని మొదటి నెలలోనే తెలిసిపోయింది. అదే వాళ్లు ఇంగ్లీషులో ‘వియ్ గో’ అన్నప్పుడు, చెప్పులు వేసుకోవాలో వద్దో తెలియక గుమ్మం దగ్గర నిలబడిపోయేవాణ్ణి.

బియ్యం సంగతికి వస్తే, వాళ్లదీ మనలాగే వరి పండించే నేల. పొలంలో, కల్లంలో ఉన్నంత వరకు అది ‘పగయ్’, మన వడ్లు. పొట్టు పోయి సంచిలోకి వచ్చాక ‘బగాస్’, బియ్యం. గిన్నెలో ఉడికాక ‘ఇన్నపుయ్’, అన్నం. ఏనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు ఎవరైనా అన్నం అమ్మడానికి వచ్చామంటే ఎంత వింతగా ఉంటుందో, ఆ మూడింటినీ ‘రైస్’ అని కలిపేస్తే వాళ్లకూ అంతే వింతగా ఉంటుంది. రోగి ఏమి తిన్నాడో అడిగేటప్పుడు మీ చెల్లెలికి కావలసిన మాట ‘ఇన్నపుయ్’.

వరుసలూ నేర్చుకొమ్మనండి. పెద్దవాణ్ణి ‘మనోంగ్’, పెద్దామెను ‘మనాంగ్’ అంటారు, మన అన్నా అక్కల లాగానే. చిన్నవాళ్లు ఆడైనా మగైనా ‘అదింగ్’. ఇంగ్లీషులో బ్రదర్ అంటే పెద్దవాడో చిన్నవాడో తెలియదు. 1906 నుంచి హవాయీ చెరకు తోటలకు కూలికి వెళ్లినవారిలో ఇలోకానోలే ఎక్కువ. ఊరు విడిచి సముద్రం దాటడం ఏమిటో మన జిల్లాలవాళ్లకు తెలిసినట్లే వాళ్లకూ తెలుసు. వాళ్ల భాషలో ఒక్క మాట పలికినా ఎంతో దగ్గరికి తీస్తారు.

సమాధానం 3 (కాజీపేట నుంచి):

పలకడం గురించి ఒక చిన్న మాట. మన వర్ణమాలలో ‘ఙ’ ఉన్నా దానితో మొదలయ్యే మాట మనకు లేదు. ఇంగ్లీషులో ఆ ధ్వని ‘సింగ్’ వంటి మాటల నడుమనో చివరనో వస్తుందే తప్ప మొదట రాదు. ఇలోకానోలో పన్నును ‘ఙిపెన్’ అంటారు. మీ చెల్లెలిని ‘క, ఖ, గ, ఘ, ఙ’ అని గట్టిగా చదివించి, ఆ ఐదో అక్షరం మీద ఆపండి, నాలుక దానంతట అదే దారికి వస్తుంది.

ఇంకొకటి. స్పెయిన్ రాకముందు వాళ్లు వాడిన లిపి మన తెలుగు లిపిలాగే బ్రాహ్మీ సంతతిది. హల్లు చివర అచ్చు లేదని చూపే గుర్తు దానిలో లేకపోతే, 1621లో అచ్చయిన ఇలోకానో క్రైస్తవ బోధన గ్రంథంలో ఫ్రాన్సిస్కో లోపెజ్ అనే ఫాదిరీ అక్షరం కింద చిన్న శిలువ గుర్తు పెట్టి ఆ లోటు తీర్చారు. మన పొల్లు చేసే పనే అది.

ప్రశ్న అడిగినవారి జవాబు:

సార్లకూ, జగిత్యాల అన్నకూ ఎంతో కృతజ్ఞుణ్ణి. నిన్న రాత్రి ఇవన్నీ ఫోన్‌లో చెల్లెలికి చదివి వినిపించాను. ఆమె కాసేపు మాట్లాడకుండా ఉండి, తర్వాత తానే ఒక తేడా పట్టుకుంది. కడుపు నొస్తున్నదా అని అడగడానికి ఇన్నాళ్లూ ముసలివాళ్లతో ‘నసకిత్ కది తి తియన్‌మో?’ అంటున్నదట. పుస్తకంలో ‘మో’కూ ‘యో’కూ ఎదురుగా ‘యువర్’ అనే ఉంది. తోటి నర్సును అడిగితే, ‘మో’ అంటే నీ, ‘యో’ అంటే మీ అని, పెద్దవాళ్లను బహువచనంతోనే, ‘అపో’ అనే గౌరవపు పిలుపుతో పలకరించాలని చెప్పిందట. అమ్మమ్మ వయసు మనిషిని ‘నీ కడుపు’ అని అడిగానే అని ఆమె చాలా నొచ్చుకుంది. ఈ రోజు పొద్దున అదే వార్డులోని ముసలమ్మ దగ్గరికి వెళ్లి ‘నసకిత్ కది తి తియన్‌యో, అపో?’ అని అడిగిందట. ఆ అమ్మ మంచం మీద కొంచెం పక్కకు జరిగి, కూర్చొమ్మని చోటు చూపించిందట.