కోల్విట్స్ చేసిన తల్లి బొమ్మను నాలుగింతలు పెంచడం తప్పా?

స్ప్రీ ఒడ్డున:

పోయిన నెల మా అమ్మానాన్నలు బెర్లిన్ వచ్చారు. ఉంటర్ డెన్ లిండెన్ రోడ్డు మీద నోయె వాఖె అనే రాతి కట్టడం ఉంది, అక్కడికి తీసుకెళ్లాను. రాజుగారి కాపలా సైనికుల కోసం షింకెల్ అనే వాస్తుశిల్పి కట్టాడు, 1818లో పూర్తయింది. ఇప్పుడు లోపలంతా బోసిగా ఉంటుంది. నట్టనడుమ ఒకే ఒక్క కంచు బొమ్మ. ఒక తల్లి, ఆమె మోకాళ్ల మధ్య ముడుచుకుపోయిన కొడుకు శవం. దానికి సరిగ్గా పైన కప్పులో గుండ్రటి ఖాళీ. వాన వస్తే వాన, మంచు కురిస్తే మంచు ఆ తల్లి మీదే పడుతుంది. మేం వెళ్లినరోజు చినుకులు పడుతున్నాయి. మా అమ్మ చాలాసేపు కదల్లేదు. "ఎవరైనా కాస్త గొడుగు పట్టొచ్చు కదరా" అంది.

అమ్మ అలా అన్నా, నాకు మాత్రం ఆ బొమ్మ అక్కడ అలా ఉండటం ఇష్టం లేదు. ఎందుకో చెబుతాను, తప్పయితే సరిదిద్దండి.

దాన్ని కేటె కోల్విట్స్ అనే జర్మన్ కళాకారిణి 1937-38లో చేసింది. అసలు బొమ్మ ఎత్తు 38 సెంటీమీటర్లు, బల్ల మీద పెట్టుకునేంత. 1993లో ఛాన్సలర్ హెల్ముట్ కోల్ పట్టుబట్టి, హరాల్డ్ హాకె అనే శిల్పితో సుమారు నాలుగింతలు పెంచి చేయించి, దేశమంతటికీ స్మారకంగా పెట్టించారు. అప్పటికి కోల్విట్స్ చనిపోయి 48 ఏళ్లు. ఆమెను అడిగే వీలే లేదు.

ఆమె చిన్న కొడుకు పీటర్ 1914లో సైన్యంలో చేరతానన్నాడు. వయసు 18. తండ్రి సంతకం కావాలి. తండ్రి కార్ల్ ససేమిరా అన్నాడు. కొడుకు తరఫున మాట్లాడి భర్తను ఒప్పించింది కేటెనే. అక్టోబరులో బెల్జియంలో ఆ పిల్లవాడు చనిపోయాడు. ఆ తర్వాత ఆమె చేసిన ప్రతి తల్లి బొమ్మలోనూ నాకు ఆ సంతకమే కనిపిస్తుంది. ఒక మనిషి తనలో తాను మోసిన తప్పు అది. దాన్ని ప్రభుత్వం తీసుకుని, పెద్దది చేసి, "యుద్ధానికీ నిరంకుశ పాలనకూ బలైనవారికి" అని నేల మీద రాయిస్తే ఆ తప్పు ఎక్కడికి పోయింది? అందరూ బాధితులే అయిపోయారు. ఇది తప్పని నా అభిప్రాయం. మీరేమంటారు?

మట్టిపని:

నేను ముప్పై ఏళ్లుగా మట్టి, ప్లాస్టర్, కంచు పనిలో ఉన్నవాణ్ణి. పెంచడమే తప్పంటే ఒప్పుకోలేను. ముందు చిన్న నమూనా చేసుకుని, కొలతలు తీసుకుని పెద్దది చేయడం మా పనిలో మామూలే.

ఒక తేడా మాత్రం ఉంది. శిల్పి తానే పెంచేటప్పుడు దారిలో ఎన్నో మార్చుకుంటాడు. చిన్న బొమ్మ మీద బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే అది చెంప. దాన్నే నాలుగింతలు చేస్తే పెద్ద గుంట అయి కూర్చుంటుంది. పూడ్చాలా ఉంచాలా అన్నది చేసినవాళ్లు తేల్చుకోవాల్సిన విషయం. ఇక్కడ తేల్చినవారు హాకె. ఆ మేరకు అది ఇద్దరి పని, ఆ సంగతి ఒప్పుకోవాలి.

ఇంకో సంగతి. 38 సెంటీమీటర్ల బొమ్మను మనం పైనుంచి చూస్తాం, వంగి, మన ఒళ్ళో ఉన్నట్టు. పెంచాక ఆమె కూర్చున్న నిజమైన మనిషికి దగ్గరగా ఉంది. మన ఊళ్లలో నిలబెట్టే వంద అడుగుల విగ్రహాల్లా మనల్ని చిన్నబుచ్చదు. అందుకే మీ అమ్మగారికి గొడుగు గుర్తొచ్చింది. గుప్పెడు బొమ్మను చూసి ఎవరూ గొడుగు తలచుకోరు.

"అడిగే వీలే లేదు" అన్నారు. ఆమె వారసులను అడిగారు. పాత సేనాధిపతుల విగ్రహాలను మళ్లీ ఆ గుమ్మం పక్కన నిలబెట్టకూడదని వాళ్లు షరతు పెట్టారు. ఆ విగ్రహాలు ఇప్పుడు రోడ్డుకు అవతలి వైపున్నాయి.

పాత పేజీలు:

మీరిద్దరూ కొలతల దగ్గరే ఆగిపోయారు. అసలు గొడవ కొలతల గురించి కాదు.

ఆ గది ఎన్ని చేతులు మారిందో చూడండి. 1931లో మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన సైనికుల స్మారకం. తర్వాత నాజీలు అక్కడ కవాతులు చేశారు. 1960లో తూర్పు జర్మనీ దాన్ని ఫాసిజానికీ సైనిక దురహంకారానికీ బలైనవారి స్మారకం అంది. 1969లో ఒక అనామక సైనికుడి అవశేషాలు, నాజీల నిర్బంధ శిబిరంలో చనిపోయిన ఒక అనామకుడి అవశేషాలు అక్కడ పాతిపెట్టి జ్యోతి వెలిగించింది. దేశం ఒకటయ్యాక కోల్ ఈ బొమ్మ తెచ్చారు.

అప్పుడే చరిత్రకారుడు రైన్‌హార్ట్ కొసెలెక్ గట్టిగా ఎదురు తిరిగారు. చనిపోయిన కొడుకును పట్టుకున్న తల్లి అంటే యూరప్‌లో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఏసును ఒళ్ళో పెట్టుకున్న మరియ. ఆ బొమ్మ కింద చంపబడ్డ లక్షలాది యూదులను ఎలా కూర్చోబెడతారు? పైగా ఇక్కడ తల్లి బతికి ఉంది, ఏడుస్తోంది. శిబిరాల్లో తల్లులూ పిల్లలూ కలిసే చనిపోయారు. ఒళ్ళో పెట్టుకోవడానికి ఎవరు మిగిలారు?

యూదుల కేంద్ర మండలి అధ్యక్షుడు ఇగ్నాట్స్ బూబిస్ కూడా అభ్యంతరం చెప్పాకే గుమ్మం దగ్గర ఫలకం పెట్టారు. అందులో యూదులు, సింతీ, రోమా ప్రజలు, స్వలింగ సంపర్కులు, చంపబడ్డ రోగులు, అందరి ప్రస్తావనా విడివిడిగా ఉంటుంది. బొమ్మ చెప్పలేనిది ఫలకం చెప్పాల్సి వచ్చింది. నా దృష్టిలో బొమ్మను ఎన్నుకోవడంలోనే తప్పు జరిగింది. కోల్విట్స్ మీద నాకు అపారమైన గౌరవం ఉంది, ఆ గౌరవంతోనే అంటున్నాను.

స్ప్రీ ఒడ్డున:

పాత పేజీలు గారూ, ఫలకం విషయంలో మీ మాట నిజం. కానీ మరియ పోలిక గురించి ఒకటి చెప్పాలి. ఈ బొమ్మ తన చేతిలో ఒక పియెతా (ఏసు శవాన్ని ఒళ్ళో పెట్టుకున్న మరియ బొమ్మను అలా అంటారు) లాంటిదిగా మారిందని డైరీలో రాసుకుంది కోల్విట్సే. అయితే ఇది మతానికి సంబంధించింది కాదనీ, ఈమె ఆలోచనలో మునిగిపోయిన ఒంటరి ముసలామె అనీ ఆమె ఉద్దేశం. దగ్గరికెళ్లి చూస్తే తెలుస్తుంది. ఒక చెయ్యి ముఖం దగ్గర, ఇంకో చెయ్యి కొడుకు చేతి మీద. కొడుకును లోకానికి చూపించడం లేదు, దాచుకుంటోంది. నన్ను బాధపెట్టేదీ అదే. దాచుకున్నదాన్ని నడిబజార్లో పెట్టారు.

గన్‌పార్క్ దగ్గర:

మా హైదరాబాదులో గన్‌పార్క్ స్తూపం ఉంది, 1969 తెలంగాణ ఉద్యమంలో చనిపోయిన వాళ్ల కోసం ఎక్కా యాదగిరిరావు గారు చేసింది. అందులో తల్లి లేదు, కొడుకు లేడు. రాయి, పైన తెల్లటి పువ్వు. మా నాన్న అటు వెళ్లినప్పుడల్లా చెప్పులు విడిచి నిలబడేవాడు. ఆ రాయిలో ఆయన తన దోస్తును చూసుకునేవాడు. మనిషి రూపం లేకపోతేనే అందరూ తమవాళ్లను చూసుకుంటారని నాకనిపిస్తుంది. రూపం పెట్టగానే "ఈమె ఎవరి తల్లి?" అనే ప్రశ్న మొదలవుతుంది.

నెల్లూరు టీచరమ్మ:

నేను శిల్పాల గురించి చదువుకోలేదు బాబూ. రిటైరై తొమ్మిదేళ్లయింది. మా అమ్మాయి ఈ చర్చ చూపిస్తే రాస్తున్నాను.

మా అబ్బాయికి బండి కొనిపెట్టింది నేనే. వాళ్ల నాన్న వద్దన్నారు. కాలేజీ దూరం, బస్సుల్లో నలిగిపోతున్నాడు, కొనండి అని రెండు నెలలు పోరాను. ఆరేళ్లయింది వాడు పోయి. ఆయన ఈ రోజుకీ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదేమో.

అందుకని ఆ సంతకం సంగతి చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. మీరు ఆమె దుఃఖాన్ని నడిబజార్లో పెట్టారంటున్నారు. దాచుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. ఇంట్లో ఫొటో ఉంది, దాని ముందు నేనొక్కదాన్నే నిలబడతాను. మీ అమ్మగారు నిలబడ్డట్టు ముక్కూ మొహం తెలియనివాళ్లు వచ్చి నా పక్కన నిలబడి, గొడుగు గురించి అనుకుంటే నాకు బాగుంటుంది. చిన్న బొమ్మ మ్యూజియంలో అద్దాల వెనకే ఉంటే ఆ మాట ఎవరంటారు?

ఒక్కటి అడుగుతాను. ఆ బొమ్మలో తండ్రి లేడేం?

స్ప్రీ ఒడ్డున:

అమ్మా, మీరు రాసింది చదివాక నా మొదటి పోస్టు మళ్లీ చదువుకున్నాను. దాచుకోవడం గురించి అంత తేలిగ్గా అనకుండా ఉండాల్సింది. బొమ్మను పెంచడం తప్పన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కింద రాసిన ఆ ఒక్క వాక్యం మీద మాత్రం నా అభ్యంతరం అలాగే ఉంది.

తండ్రి ఉన్నాడమ్మా, కానీ బెర్లిన్‌లో కాదు. బెల్జియంలో డిక్స్‌మ్యూడె దగ్గర వ్లాడ్స్లో అని జర్మన్ సైనికుల శ్మశానం ఉంది. 25 వేల మందికి పైగా అక్కడ పడుకున్నారు, పీటర్ కూడా. అక్కడ రెండు రాతి బొమ్మలు మోకాళ్ల మీద ఉంటాయి, కార్ల్, కేటె. తల్లి బాగా ముందుకు వంగిపోయి ఉంటుంది. తండ్రి నిటారుగా, రెండు చేతులతో తనను తానే గట్టిగా పట్టుకుని ఉంటాడు. ఇద్దరూ వేరువేరు దిమ్మెల మీద. ఒకరినొకరు తాకరు, చూసుకోరు.

పీటర్ పోయిన రెండు నెలలకే కోల్విట్స్ వాటి గురించి ఆలోచించడం మొదలుపెట్టింది. మొదట కొడుకు పడుకుని ఉన్నట్టు, తల్లిదండ్రులు అతని దగ్గర ఉన్నట్టు అనుకుంది. కుదరలేదు. 1919లో చేతకాక వదిలేసింది, మళ్లీ వస్తానని రాసుకుని మరీ వదిలేసింది. కొన్నేళ్ల తర్వాత మళ్లీ పట్టుకుంది. ఈసారి కొడుకు లేడు, తల్లిదండ్రులే మిగిలారు. 1932 జులైలో రొగ్గెవెల్డె అనే శ్మశానంలో దగ్గరుండి నిలబెట్టించింది. సమాధులను తరలించినప్పుడు బొమ్మలు కూడా వ్లాడ్స్లో చేరాయి. పీటర్ బతికింది పద్దెనిమిదేళ్లు. ఆ రెండు బొమ్మలకు పట్టిన కాలమూ దాదాపు అంతే.

మట్టిపని:

ఆ రెంటినీ రాతిలో చెక్కింది కూడా కోల్విట్స్ కాదు. ఆమె చేసిన ప్లాస్టర్ చూసి ఆగస్ట్ రాడెస్, ఫ్రిట్స్ డీడ్రిష్ అనే ఇద్దరు చెక్కారు. కాకపోతే అప్పుడు ఆమె బతికుంది, చూసి సరే అంది.

ఆమె మిత్రుడు, శిల్పి బార్లాఖ్ సంగతి కూడా గుర్తు చేయాలి. ఆయన 1927లో గ్యూస్ట్రో చర్చిలో గాల్లో వేలాడే దేవదూత బొమ్మ పెట్టాడు. తాను అనుకోకుండానే దానికి కోల్విట్స్ ముఖం వచ్చిందని అన్నాడు. 1937లో నాజీలు దాన్ని దింపించారు, తర్వాత కరిగించేశారు. స్నేహితులు రహస్యంగా ఇంకొకటి పోత పోయించి దాచారు. యుద్ధం అయ్యాక అది కొలోన్‌లో వేలాడింది, దాన్నుంచే మళ్లీ గ్యూస్ట్రోకు ఒకటి చేశారు. అది బార్లాఖ్ కళ్లతో చూసింది కాదు. అయినా దాని కింద నిలబడి ఇది నకలు అనే మనసు నాకైతే రాదు.

పాత పేజీలు:

టీచరమ్మ గారూ, నా మాటలు మిమ్మల్ని నొప్పించి ఉంటే మన్నించండి. నేను కోప్పడింది ఆ తల్లి మీద కాదు. చంపినవాళ్లనీ చచ్చినవాళ్లనీ ఒకే వాక్యంలో కలిపిన ప్రభుత్వం మీద. అది ఇప్పటికీ వెనక్కి తీసుకోను. మిగతాది మీరు చెప్పాక నేను వాదించలేను.

నెల్లూరు టీచరమ్మ:

నొప్పేం లేదు బాబూ, నువ్వన్నదీ న్యాయమే. చచ్చిపోయిన తల్లుల సంగతి ఎవరో ఒకరు అడగాలి.

బెర్లిన్ అబ్బాయీ, ఆ రెండో చోటికి నువ్వు ఎప్పుడైనా వెళ్తే ఒక ఫొటో పెడతావా? ఇద్దరూ ఒకే ఫొటోలో రావాలి. మా ఆయనకు చూపించాలి.

స్ప్రీ ఒడ్డున:

వచ్చే నెలలో సెలవు పెట్టానమ్మా. తప్పకుండా పెడతాను. ఇద్దరూ వచ్చేలా, మధ్యలో ఉన్న ఖాళీ కూడా కనిపించేలా తీస్తాను.