సమస్య: చెవికి వినబడనిది చెవిని తొలిచె

నిర్వాహకుడు: మిత్రులారా, పైది ఆటవెలది చివరి పాదం. అయిదూ సూర్యగణాలే, అన్నీ నగణాలే, యతి (పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కుదరడం) చె–చె. మిగతా మూడు పాదాలు మీవి. ఈమధ్య మీరు చూస్తున్న సైన్స్ ఫిక్షన్ సీరియళ్ళ మీదే పూరించాలి. వినబడనిది చెవిని ఎలా తొలుస్తుందో పద్యంలోనే తేలాలి.

పాలపుంత:

గాలి లేని చోట ఘనముగా నోడలు
పేల, మోత చేర్చి పెంచినారు;
శాస్త్రమొప్పకున్న సరియె యనిరి వారు;
చెవికి వినబడనిది చెవిని తొలిచె.

‘అండోర్’ రెండో సీజను (2025) చూశాక రాశాను. రాజకీయాన్ని అంత నిక్కచ్చిగా రాసినవారు కూడా, చప్పుడు మోసే గాలే లేని శూన్యంలో మోత మానలేదు.

నిర్వాహకుడు: పాలపుంత గారూ, విరుపు బాగుంది. ‘ఘనముగా’ మాత్రం యతి కోసమే వచ్చిందని తెలిసిపోతోంది. ‘ఒప్పకున్న’ అంటే ఒప్పకపోతేనే సరి అన్నట్టుగా ఉంది. ‘శాస్త్రమొప్పుకొనదె? సరియె యనిరి వారు’ అంటే వెక్కిరింత కూడా పదునెక్కుతుంది. ఇక ‘అండోర్’ను నేను క్షమిస్తాను. అది ‘స్టార్ వార్స్’ సంతతి, ఆ కథాలోకానికి 1977 నుంచీ అదే ఆనవాయితీ. శాస్త్రబద్ధమని చాటుకుంటూ మోత పెట్టేవాటితోనే నా పేచీ.

రిమోటు: చప్పుడు తీసేస్తే పోరాటంలో ఊపు ఎక్కడిదండీ?

నిర్వాహకుడు: 2002లోనే ‘ఫైర్‌ఫ్లై’ శూన్యంలో ఓడల చప్పుడు తీసేసి సంగీతంతో నడిపింది. ఊపు తగ్గలేదు. పైగా కెమెరాను ఓడ లోపల పెడితే ఎంత మోతైనా న్యాయమే. లోపల గాలి ఉంది, గోడల గుండా అదురూ వస్తుంది. ఆ మాత్రం ఆలోచించరు.

మందాకిని:

ఇంటి దుఃఖమేమొ యెఱుగ డుద్యోగియై
చిప్పు పెట్టి మనసు చీల్చగానె;
లోని యేడ్పు వాని లోతున మోగగ
చెవికి వినబడనిది చెవిని తొలిచె.

నిర్వాహకుడు: మందాకిని గారూ, ‘సెవరెన్స్’ చూడనివారికి కూడా అర్థమయ్యే పద్యం. మెదడులో చిప్పు పెట్టి, ఆఫీసు జ్ఞాపకాలనూ బయటి జ్ఞాపకాలనూ విడదీసే కథ అది. ఆఫీసులోని మార్క్‌కు భార్య ఉండేదనే తెలియదు. అయినా మొదటి సీజనులో మట్టి ముద్ద చేతికిస్తే చెట్టు చేస్తాడు. బయటి మార్క్‌కు ఆ చెట్టు ఏమిటో తెలుసు: భార్య కారు ఢీకొన్నది దానినే. కథ మొత్తంలో నాకు అంతకు మించిన ఘట్టం లేదు. ఒక్క మాటైనా పలకకుండా చెవి తొలిచారు. ‘లోని’, ‘లోతున’ పునరుక్తే. అయినా ఆ ‘లో–లో’ నాకు నచ్చింది, వదిలేస్తున్నాను. ‘చిప్పు’ వాడుకకు అభ్యంతరం లేదు.

రిమోటు:

కథను నడుమ నాపి మూడేండ్లు కదలక
వేచి యుండు డనిరి వీక్షకులను;
రాని భాగ మెపుడు రావచ్చునను చింత
చెవికి వినబడనిది చెవిని తొలిచె.

నాదీ ‘సెవరెన్స్’ బాధే. మొదటి సీజను 2022 ఫిబ్రవరిలో మొదలైంది, రెండోది 2025 జనవరిలో.

నిర్వాహకుడు: గణాలు సరిపోయాయి కానీ మొదటి పాదంలో యతి తప్పింది, ‘క’కు ‘మూ’ కుదరదు. ‘కదలక మూడేండ్లు’ అని అటూ ఇటూ మార్చండి, చాలు. మూడో పాదం ఇవాళ్టి పాదాల్లోకెల్లా సహజమైనది. అయితే ఆలస్యమైనా వచ్చింది కదా! ‘1899’ అనే సీరియల్ చూసినవాళ్ళను అడగండి. ఒక్క సీజనుతో, ముడి విప్పకుండానే ఆపేశారు. అక్కడ చింతకు గడువు కూడా లేదు.

నా పూరణ:

ఓడ పగిలి పోయె నొక సడి లేకుండ;
గాలి లేని నింగి కట్టుబాటు
తెలిసి తీయ, నట్టి తెరమీది మౌనమ్ము
చెవికి వినబడనిది చెవిని తొలిచె.

పాలపుంత: పద్యం హాయిగా ఉంది. మరి మీరు నెత్తిన పెట్టుకునే ‘ఎక్స్‌పాన్స్’లో బయట చప్పుళ్ళు వినిపిస్తాయి కదా?

నిర్వాహకుడు: వినిపిస్తాయి, ఆ మేరకు మార్కులు కోశాను. మెచ్చింది వేరే దానికి. ఇంజను తోపుతో వచ్చే త్వరణమే అక్కడ బరువు. అందుకే ఇంజను అడుగున, అంతస్తులు మేడలా దాని మీద. తోపు ఆగితే మనుషులు తేలిపోతారు. ఆరు సీజన్లు ఆ నియమాన్ని పట్టుకునే కథ నడిపారు. దాని మీద పూరణ ఎవరూ పంపలేదేమి?