ఏ శాస్త్రంబు పఠించె లూత... ఇలాగేనా? (స్కాఫోల్డ్‌కి తెలుగు మాట కూడా కావాలి)

నూలుపోగు:
అందరికీ నమస్కారం. రెండు రోజులుగా ఒక పాదం బుర్రలో తిరుగుతోంది. "ఏ శాస్త్రంబు పఠించె లూత..." లూత అంటే సాలీడు, తర్వాత పాము, ఏనుగు వస్తాయి. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర శతకంలోదని తెలుసు కానీ పుస్తకం ఇంట్లో ఉంది, నేను హాస్టల్లో ఉన్నాను. ఫిబ్రవరి 28న మా ఊరి హైస్కూల్లో సైన్స్ డేకి నా పని గురించి తెలుగులో చెప్పమన్నారు. మా ల్యాబ్‌లో నానో నూలు తీసి, దాని మీద మూలకణాలు (స్టెమ్ సెల్స్, అంటే రకరకాల కణాలుగా మారగలిగేవి) పెంచుతాం. మొదటి స్లైడ్‌లో ఆ సాలీడు పాదం పెడదామని. అలాగే స్కాఫోల్డ్‌కి, అంటే కణాలు పట్టుకుని పెరిగే ఆ నూలు ఆధారానికి, మంచి మాట చెప్పండి. పరంజా అంటే పిల్లలకి గోడలకి రంగులేసేవాళ్లే గుర్తొస్తారేమో అని టెన్షన్.

ప్రాసమేష్టారు:
శాస్త్రంబు ఎలా అవుతుందండీ? గణాలకి ఇబ్బంది లేదు, మగణం హాయిగా పడుతుంది. ప్రాస చస్తుంది. మిగిలిన మూడు పాదాల్లోనూ రెండో అక్షరం వకారం. "నే వి", "ధా వి", "సే వా" అని వస్తుంటే మొదటి పాదంలో "శా" ఎలా నిలుస్తుంది? "ఏ వేదంబు పఠించె లూత". శాస్త్రాలు పాము చూడాలి. మీరు పాము సిలబస్ తీసుకెళ్లి సాలీడుకి ఇచ్చారు.

పాతపుస్తకాలసంచి:
మేష్టారూ, పాము దగ్గరే నాకొక సందేహం. "శాస్త్రముల్ సూచె" అని కొందరు, "జూచె" అని కొందరు. మా తాతగారి ప్రతిలో జూచె అనే ఉంది.

ప్రాసమేష్టారు:
తాతగారి మీద గౌరవంతోనే చెబుతున్నా, అది అచ్చుతప్పు. సరళం (ఇక్కడ జ) రావాలంటే ముందు ద్రుతం (నకారం) ఉండాలి. ఇక్కడున్నది "ముల్". ప్రథమావిభక్తి మీది పరుషాలకు (క చ ట త ప) గసడదవలు. చ పోయి స వస్తుంది. సూచె.

పాతపుస్తకాలసంచి:
ప్రథమ ఎక్కడండీ? పాము శాస్త్రాలను చూసింది, కర్మ అది.

ప్రాసమేష్టారు:
జడపదార్థం. ద్వితీయార్థంలో ప్రథమ. "పుస్తకం చదివాడు" అంటామా, "పుస్తకాన్ని చదివాడు" అంటామా?

పాతపుస్తకాలసంచి:
రెండూ అంటామండి. శాస్త్రం జడమా అన్నది ఇంకో చర్చ.

గోదారిగట్టు:
అసలు ప్రశ్న వదిలేశారు. పరంజా మన మాట కాదు, మరాఠీలో పరాంచీ అంటారు, అక్కడినుంచే వచ్చి ఉంటుందని నా నమ్మకం. మా వైపు తాపీమేస్త్రీలు "సారవ" అంటారు. సారవ కర్రలు, సారవ కట్టడం. పిల్లలకి కూడా అర్థమవుతుంది.

నెల్లూరుసన్నాలు:
సారవ కాదన్నా, సారువ. నడుమ ఉకారం ఉంది.

గోదారిగట్టు:
నోట్లో ఉకారం ఎప్పుడో అరిగిపోయింది. పైగా ఆ కర్రలు సరుగుడు కర్రలే కదా, సరుగుడునే సర్వి అని కూడా అంటారు. సర్వి నుంచి సారవ. ఉకారానికి చోటెక్కడ?

నెల్లూరుసన్నాలు:
ఇది మరీ బావుంది. సరుగుడు ఆస్ట్రేలియా వైపు చెట్టు, మన తీరంలో తోటలు వేసింది పంతొమ్మిదో శతాబ్దంలో. అంతకుముందు గుడి గోపురాలు సారువ లేకుండా కట్టారా? సర్వి అన్న పేరు ఫారసీ "సర్వ్" నుంచి వచ్చి ఉంటుంది, నిటారుగా పెరిగే చెట్టు కాబట్టి. సారువకీ దానికీ చుట్టరికం లేదు.

నూలుపోగు:
సార్, రువ అయినా రవ అయినా నాకు ఇష్టమే. ఇబ్బంది ఇంకోచోట ఉంది. ఇల్లు లేచాక సారువ మనం విప్పి పట్టుకెళ్లిపోతాం. శరీరంలో పెట్టిన స్కాఫోల్డ్‌ని ఎవరూ విప్పరు, అదే కరిగిపోవాలి. మేం వాడే పాలికాప్రోలాక్టోన్ అనే పాలిమర్ పూర్తిగా పోవడానికి రెండేళ్లు, ఇంకా ఎక్కువ కూడా పట్టొచ్చు. పీఎల్‌జీఏ అనే ఇంకో పాలిమర్ అయితే అందులో కలిపిన పాళ్లను బట్టి వారాల నుంచి నెలల్లో పోతుంది.

నెల్లూరుసన్నాలు:
అయితే ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు.

నూలుపోగు:
తెప్పే ఏట్లో కరిగిపోవాలండీ, అదీ మనం ఒడ్డు చేరాకే. ముందే కరిగితే మునుగుతాం.

కాళాస్త్రిభక్తుడు:
తమ్ముడూ, నీ ఉదాహరణ నీ కవి దగ్గరే ఉంది. ధూర్జటిదే శ్రీకాళహస్తి మాహాత్మ్యం చదివావా? సాలీడు స్వామికి తన నూలుతోనే గుళ్లూ గోపురాలూ కడుతుంది. స్వామి దీపం అంటుకుని అంతా కాలిపోతుంది. సాలీడు కోపంతో ఆ దీపాన్నే మింగబోతుంది. గూడు పోతేనే సాలీడుకి సాయుజ్యం. శతకంలో ఒక్క "లూత" అన్న మాటలో ఆ కథంతా కుదించి పెట్టాడు మహానుభావుడు. శ్రీకాళహస్తిలో "శ్రీ" అంటేనే సాలీడు. రాయల సభలో ఉండి రాజుల్ని అన్ని తిట్లు తిట్టడం ఇంకెవరి వల్ల అయ్యేది?

ప్రాసమేష్టారు:
ఆ శతకం రాయల సభలో ఉండగా చెప్పింది కాదని కొందరు అంటారు లెండి. అది వేరే దారం, ఇక్కడ లాగొద్దు.

సూదిమందు:
నేను కళ్ల డాక్టర్ని. ఈ విషయంలో హైదరాబాదు పేరు ఎత్తకుండా ఎలా? రసాయనాలు పడి కంటి నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు చచ్చిపోతే, రెండో కంట్లోంచి 2 మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని చిన్న చిన్న తునకలు చేసి దెబ్బతిన్న కంటి మీద అంటిస్తారు. ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వాళ్లు 2012లో ఈ పద్ధతి ప్రచురించారు. ఆ తునకలు కూర్చునేది దేని మీద? కాన్పులో వచ్చే మాయపొర మీద. తర్వాత షెఫీల్డ్ విశ్వవిద్యాలయం వాళ్లతో కలిసి, మాయపొరకు బదులు పీఎల్‌జీఏ నూలు పొర చేసే పని కూడా జరిగింది. అది ఈ అబ్బాయి చెప్పే నూలే. స్కాఫోల్డ్‌ని "మాయ" అనండి, గొడవ వదిలిపోతుంది. బిడ్డ పుట్టాక మాయ పోతుంది కూడా.

పాతపుస్తకాలసంచి:
మాయా, మావా? మా అమ్మమ్మ "మావి పడిందా" అనేది.

సూదిమందు:
మా కాన్పుల వార్డులో రెండూ వినిపించేవి. అయినా పొర వేరు, మావి వేరు, నేను కొంచెం సర్దుకుని చెప్పాను.

నూలుపోగు:
"మాయ మీద మూలకణాలు పెంచుతాం" అంటే మా హెడ్‌మాస్టరు నన్ను వేదాంతం క్లాసుకి పంపేస్తారండీ.

అసలు మేం చేసేది చెబుతా, మాట మీరే తేల్చండి. సిరంజిలో పాలిమర్ ద్రావణం పోస్తాం. సూదికీ ఎదురుగా ఉన్న రేకుకీ మధ్య 15, 20 వేల వోల్టులు పెడతాం. సూది మొన మీద బొట్టు ముందు గుండ్రంగా ఉంటుంది. వోల్టేజి పెంచుతుంటే కొస సాగి శంకువులా అవుతుంది. ఆ కొసనుంచి పోగు లేచి, గాల్లో కొరడాలా కొట్టుకుంటూ సన్నబడి, రేకు మీద తెల్లగా పడుతుంది. ద్రావణం పలచనైతే నూలుకి బదులు పూసలు పడతాయి. మొదటి నెలంతా నేను తీసినవి పూసలే. మంచిరోజున పోగు మందం కొన్ని వందల నానోమీటర్లు, వెంట్రుకలో వందో వంతుకీ తక్కువ. మన ఒంట్లో కణాల చుట్టూ ఉండే కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులు కూడా దాదాపు అదే లెక్క. కణానికి సొంతిల్లులా ఉంటుందని ఈ పాట్లన్నీ.

చిక్కేమిటంటే నూలు మరీ దగ్గరగా పడితే సందుల్లోకి కణం దూరలేదు. పైపైనే పాకుతుంది.

గోదారిగట్టు:
దూరడానికే లేకపోతే సారవ ఎలా అయింది! సారవ అంటే మనిషి మధ్యలో నిలబడి పనిచేసేది. మీది నులకమంచం. నులక అనండి. పోగు మీద పోగు, పైన కణం పడుకుంటుంది.

నెల్లూరుసన్నాలు:
ఇప్పుడు సారవ వద్దంటున్నది ఎవరో అందరూ గమనించాలి.

ఆకుపచ్చసిరా:
నాకు పందిరి నచ్చింది. తీగకి పందిరి. ఎటు పాకాలో కర్ర చెబుతుంది, పాకడం మాత్రం తీగదే.

నూలుపోగు:
పందిరి దగ్గరగా వచ్చిందండీ. రేకుకి బదులు గిర్రున తిరిగే డ్రమ్ము పెడితే పోగులన్నీ ఒకే వరసలో పడతాయి. అప్పుడు కణాలు కూడా ఆ వరసవెంటే సాగుతాయి. ఇంకో సంగతి, 2006లో ఎంగ్లర్, డిషర్ బృందం ఎముకమజ్జ మూలకణాల్ని మెత్తని, గట్టి జెల్‌ల మీద పెంచి చూశారు. మెదడంత మెత్తనిదాని మీద నరకణాల వైపు, కండరమంత గట్టిదాని మీద కండరం వైపు, ఇంకా గట్టిదాని మీద ఎముక వైపు మళ్లాయి. వేసిన పోషకాలు ఒకటే. కణం తన కాళ్లతో తడిమి తెలుసుకుంది. అందుకే నాకు ఆ పాదం పట్టుకుంది. ఏ వేదం చదివింది?

కాళాస్త్రిభక్తుడు:
"మీ పాద సంసేవాసక్తియె కాక" అన్నాడుగా! పాదం మోపడమే చదువు. తమ్ముడూ, ఆ పాదం కూడా స్లైడులో పెట్టు.

ప్రాసమేష్టారు:
అక్కడ పాదాలు శివుడివి, కణానివి కావు. స్లైడుకి కావలసింది మూడో పాదం. "బోధావిర్భావ నిదానముల్ చదువులయ్యా! కావు!" ఇక్కడ నిదానమంటే కారణం. మెల్లగా అని కాదు.

సూదిమందు:
వైద్యంలో ఆ అర్థం ఇంకా బతికే ఉంది మేష్టారూ. రోగాల గురించి మాధవ నిదానం అని పాత ఆయుర్వేద గ్రంథం ఉందిగా. రోగకారణం నుంచి రోగనిర్ణయం దాకా వచ్చింది. "నిదానంగా నడు"లోకి ఎలా జారిందో మాత్రం నాకు అంతుపట్టదు.

ఆకుపచ్చసిరా:
కారణం ఆలోచించేవాడు తొందరపడడు కదా, అలా జారి ఉంటుంది. నా ఊహే, తన్నకండి.

పాతపుస్తకాలసంచి:
స్కాఫోల్డ్ సంగతి సరే, మూలకణం అన్న మాట ఎవరూ ముట్టుకోలేదేం? ఒకసారి ఒక అనువాదంలో "కాండకణం" చూసి నవ్వుకున్నా. తర్వాత తెలిసింది, 1868లో జీవశాస్త్రవేత్త హేకెల్ జర్మన్‌లో వాడిన "ష్టామ్‌త్సెల్లె"లో ష్టామ్ అంటే మానే, వంశవృక్షపు మాను. ఆ లెక్కన కాండమే దగ్గర. మనం ఇంకాస్త కిందికి తవ్వి మూలం దాకా పోయాం.

ప్రాసమేష్టారు:
తవ్వితే తవ్వాం. మూలకణం బావుంది, కదపకండి.

సూదిమందు:
ఒక్క మాట. 2011లో స్టాక్‌హోమ్‌లో ప్లాస్టిక్ శ్వాసనాళం మీద రోగి మూలకణాలు చల్లి అమర్చి పెద్ద వార్త చేశారు. ఆ రోగి బతకలేదు, ఆ సర్జన్‌కి 2023లో జైలుశిక్ష పడింది. పిల్లలకి చెప్పేటప్పుడు "అవయవాలు తయారైపోతున్నాయి" అనకు బాబూ. స్కాఫోల్డ్ అని పిలిచినంత మాత్రాన కణాలు వచ్చి కాపురం పెట్టవు. అక్కడ మిగిలింది పైపు.

నూలుపోగు:
అననండీ. నావి ఇంకా గిన్నెలోనే ఉన్నాయి, అందులోనూ మూడో బ్యాచ్‌కి మొన్ననే బూజు పట్టింది.

రేపు పొద్దున బస్సు. పందిరి, సారువ, నులక మూడూ రాసి చూసి, చివరికి "స్కాఫోల్డ్" అనే ఉంచేశాను. బడిలో పిల్లల్నే అడుగుతాను ఏ మాట బావుందో.

నెల్లూరుసన్నాలు:
అడిగేటప్పుడు సారువ అని స్పష్టంగా పలుకు. రు.

ప్రాసమేష్టారు:
స్లైడులో మొదటి పాదం మొత్తం పెట్టారా? "సూచె" అనే వేశారు కదా?

నూలుపోగు:
"చూచె" అని వేశానండీ, పిల్లలకి అర్థమవుతుందని.

పాతపుస్తకాలసంచి:
మా తాతగారిదే కాస్త నయం.