పరిశోధన సంస్థ సోషల్ మీడియా పేజీ ఎలా నడపాలి?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో చిన్న పరిశోధన సంస్థ. ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ పేజీలు చూసే పని నామీద పడింది. ఇప్పటిదాకా అన్నీ శాలువా ఫోటోలు, సెమినార్ బ్యానర్లే, ఎవరూ చూడటం లేదు. కొత్తగా ఏదైనా రాద్దామంటే నలుగురు సంతకాలు పెట్టేసరికి వారం గడిచిపోతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి? తెలుగులో రాస్తే చులకనగా చూస్తారా?

జవాబు 1: 2008లో నాసా ఫీనిక్స్ ల్యాండర్ ట్విటర్ ఖాతా ఎలా నడిచిందో చూడండి. అంగారకుడి మీద దిగిన యంత్రమే "నేను" అంటూ మాట్లాడేది, మంచు దొరికిన సంగతి కూడా అక్కడ అలాగే చెప్పింది. మీ ల్యాబ్‌లో ఈరోజు ఏం చేశారో, ఏది కుదరలేదో చిన్న మాటల్లో రాయండి.

జవాబు 2: ఆ "నేను" గొంతు అన్నిచోట్లా పనికిరాదండీ, మందులు, టీకాల విషయమైతే అసలే వద్దు. తప్పు దొర్లితే పోస్టు చప్పుడు కాకుండా తీసేయకండి, సవరణ అని అక్కడే రాయండి, నమ్మకం నిలిచేది దానితోనే. ఇక సంతకాల సంగతి: ఇప్పటికే అచ్చయిన పేపర్ల గురించి రాస్తే ఆ పరిశోధకులు ఒక్కరు చూస్తే చాలని ముందే ఒప్పించుకోండి.

జవాబు 3: తెలుగు గురించి టెన్షన్ వద్దు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగుతుంటే ఇస్రో యూట్యూబ్ లైవ్‌ను ఒకేసారి 80 లక్షల మంది చూశారు. మా అమ్మ కూడా చూసింది, అంకెలు తగ్గుతుంటే "వేగం సున్నా అవ్వాలా?" అని అడిగింది. ఇంట్లోవాళ్లు తెలుగులో అడిగే అలాంటి ప్రశ్నలకే తెలుగులో జవాబులు రాయండి, చులకనగా ఎవరూ చూడరు.

అడిగినవారు: సంతకాల గురించి సోమవారం డైరెక్టర్‌గారితో మాట్లాడతాను. మొదటి పోస్టు తెలుగులోనే.