తేనెటీగ కుట్టిన చెయ్యి రెండో రోజుకి ఇంకా వాచింది, భయపడాలా?

ప్రశ్న:
నిన్న సాయంత్రం మా ఏడేళ్ల బాబుకి చూపుడువేలు మొదట్లో తేనెటీగ కుట్టింది. ముల్లు కనిపిస్తే వెంటనే గోళ్లతో పట్టి లాగేశాను. సబ్బుతో కడిగి ఐసు పెట్టాక నిద్రపోయాడు. పొద్దునకి వాపు మణికట్టు దాకా పాకింది. ఎర్రగా, వేడిగా ఉంది, ఒకటే దురదట. జ్వరం లేదు, ఆడుకుంటున్నాడు. ముల్లు అలా పట్టి లాగకూడదని ఇప్పుడు అంటున్నారు. విషం పైకెక్కకుండా మోచేతి దగ్గర గట్టిగా కట్టమని ఇంకొకరు చెప్పారు. ఏం చేయాలో తోచడం లేదు, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
నేను ఎమర్జెన్సీ వార్డులో నర్సుని. కట్టు మాత్రం కట్టకండమ్మా, రక్తం ఆడక చేతికే ప్రమాదం. ముల్లు విషయంలో మీరు చేసింది సరైనదే. దానితో పాటు విషపు తిత్తి కూడా చర్మంలో ఉండిపోయి, కాసేపు విషం దించుతూనే ఉంటుంది. అందుకే ఎలా తీశారన్నదాని కంటే ఎంత త్వరగా తీశారన్నదే ముఖ్యం.

వాపు ఒకటి రెండు రోజులు పెరగడం మామూలే. చెయ్యి దిండు మీద ఎత్తి పెట్టండి, ఐసు గుడ్డలో చుట్టి పది నిమిషాల చొప్పున అద్దండి. దురద మందు మోతాదు డాక్టర్‌ని అడిగి వేయండి. ఎరుపు ఎక్కడిదాకా ఉందో పెన్నుతో గీత గీయండి. రెండు రోజులు దాటాక కూడా గీత దాటి పాకుతున్నా, జ్వరం వచ్చినా, చీము పట్టినా చూపించాలి.

జవాబు 2:
కుట్టిన చోటు కంటే మిగతా ఒంటిని ఎక్కువ గమనించండి. నాకు మొదటిసారి కందిరీగ కుట్టినప్పుడు చెయ్యి వాచిందంతే. రెండోసారి పది నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు, గొంతు బిగుసుకుపోయింది. లేచి నడవబోయి పడిపోయాను. తొడకి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చాకే ఊపిరి తిరిగింది. అలాంటప్పుడు మాత్ర వేసి చూద్దామని ఆగకండి, వెంటనే అంబులెన్స్ పిలవండి. మనిషిని నడిపించకూడదు, పడుకోబెట్టాలి. ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టాలి.

ప్రశ్న అడిగినవారు:
గీత గీశానండీ. ఇంకొకటి, నా పిక్క మీద నాలుగు రోజులుగా ఎర్రటి గడ్డ ఉంది. సాలీడు కరిచిందేమో?

జవాబు 1:
కరుస్తుండగా చూశారా? చూడకపోతే సాలీడు అనుకోకండి. సాలీడు కాటని మా దగ్గరికి వచ్చేవాటిలో చాలావరకు చర్మానికి పట్టిన ఇన్ఫెక్షన్లే. వాటికి మందు వేరు. పిండకండి, కోయకండి, రేపే డాక్టర్‌కి చూపించండి. ఒళ్లు పట్టేసి, కడుపు బిగిసి, చెమటలు పడితే మాత్రం రేపటిదాకా ఆగొద్దు.

ప్రశ్న అడిగినవారు:
రేపు వెళ్తాను. బాబుకి ఎరుపు ఇంకా గీత లోపలే ఉంది, వేళ్లు మడవగలుగుతున్నాడు.